మేడ మీది ఫ్లష్ ట్యాంకులు

లక్ష్మీదుర్గ వార్డులో కళ్ళు తిరిగి పడిపోయిందని ఫోను వచ్చేసరికి ఫ్లోరెన్స్ హాస్టలు వంటగదిలో నిలబడి, పప్పులో ఉప్పు చాలలేదని వంటమనిషికి చెబుతోంది. ఆ మాట సగంలో వదిలేసి, చెప్పులు వేసుకుని, గేటు ముందు కనబడిన ఆటో ఎక్కింది.

ఆమె బాపట్లలో నర్సింగ్ చదివే ఆడపిల్లల హాస్టలుకి వార్డెను. సొంత ఊరు రేపల్లె. హాస్టలుని ఒక చర్చి కమిటీ నడుపుతుంది. ఏ మతం పిల్లలైనా ఉండవచ్చు. ఫ్లోరెన్స్ వచ్చి చేరి ఏడాది అయింది. మనిషి పొట్టి, గొంతు పెద్దది. సాయంత్రం ప్రార్థనలో ఆమె పాట ఎత్తుకుంటే వీధిలో వెళ్ళేవాళ్ళు ఒక్క క్షణం ఆగేవారు. పిల్లలు ఆమెను ఆంటీ అని పిలిచేవారు, ఆమె మెట్లెక్కే చప్పుడు వింటే సెల్‌ఫోన్లు దిండు కింద దాచేసేవారు.

ఆసుపత్రిలో లక్ష్మీదుర్గ చేతికి సెలైను పెట్టి పడుకోబెట్టారు. ఒళ్ళు కాలిపోతోంది. మూత్రంలో ఇన్ఫెక్షన్ అనీ, ఈ పిల్ల నీళ్ళు తాగుతున్నట్టే లేదనీ డాక్టరమ్మ చెప్పి, నర్సింగ్ చదివే అమ్మాయివి నీకు నేను చెప్పాలా అని మందలించి వెళ్ళింది. లక్ష్మీదుర్గ మొహం గోడవైపు తిప్పుకుంది. పిట్టలవానిపాలెం నుంచి వచ్చిన పిల్ల, మొదటి సంవత్సరం. నాన్న వరి చేలు కౌలుకి చేస్తాడు. ఇంట్లో ఇంటర్మీడియట్ దాటిన మొదటి మనిషి ఈమే.

డాక్టరమ్మ వెళ్ళాక ఫ్లోరెన్స్ మంచం పక్కన కూర్చుని, నీళ్ళు ఎందుకు తాగడం లేదని నెమ్మదిగా అడిగింది. పిల్ల దుప్పటి అంచు వేలికి చుట్టుకుంది.

"తాగితే పొద్దున్నే వెళ్ళాలి కదాంటీ," అంది చివరికి. "ఆ లైన్లో నిలబడలేక సాయంత్రం నుంచీ మానేస్తాను."

"ఎప్పట్నుంచి?"

"చేరినప్పట్నుంచి. నేనొక్కదాన్నే కాదండి. మేడ మీద అందరం అంతే."

ఫ్లోరెన్స్‌కి మేడ మీద బాత్రూముల దగ్గర పొద్దున్నే లైను ఉంటుందని తెలుసు. ఆడపిల్లల హాస్టలన్నాక లైను ఉండకుండా ఎలా ఉంటుంది అనుకుంది. ఆ లైను కోసం పిల్లలు నీళ్ళు మానేస్తున్నారని ఆమెకు తట్టలేదు. ఆమె ఉండే గది కింద. కింది బాత్రూములతో ఆమెకు ఏ ఇబ్బందీ లేదు.

హాస్టలుకి వెళ్ళగానే ఆమె తిన్నగా మేడ ఎక్కింది. పిల్లలంతా డ్యూటీల్లో ఉన్నారు. పై అంతస్తు ఈమధ్యే కట్టారు. తెల్లటి టైల్సు, వరసగా ఆరు వెస్ట్రన్ టాయిలెట్లు, ఒక్కోదానికి గోడమీద ఒక ప్లాస్టిక్ ఫ్లష్ ట్యాంకు, చేతికి ఒక చిన్న స్ప్రే పైపు. బకెట్టు పెట్టి పట్టుకోవడానికి మాత్రం లోపల ఎక్కడా పంపు లేదు. ఫ్లషే ఉండగా బకెట్టు దేనికని కట్టినవాళ్ళు అనుకున్నారు.

ఫ్లోరెన్స్ మొదటి దానిలోకి వెళ్ళి ఫ్లష్ నొక్కింది. ట్యాంకు భళ్ళున ఖాళీ అయింది. తర్వాత ఒక సన్నటి శబ్దం, ఎక్కడో పిల్లి ముక్కుతో ఊపిరి తీసినట్టు. అంతే. ఆమె గోడకు ఆనుకుని నిలబడి, కళ్ళు మూసుకుని ప్రభువు ప్రార్థన చెప్పుకుంది. తర్వాత తనకు నోటికి వచ్చిన కీర్తన ఒకటి ఐదు చరణాలూ పాడుకుంది. మళ్ళీ నొక్కింది. సగం నీళ్ళు కూడా దిగలేదు.

అప్పుడామెకు లైను సంగతి పూర్తిగా అర్థమైంది. ఒక్కసారి కొట్టిన నీళ్ళు చాలకపోతే లోపలున్న పిల్ల రెండోసారి ట్యాంకు నిండేదాకా అక్కడే నిలబడాలి. అలాగే వదిలేసి బయటికి రావడానికి సిగ్గు. బయట నిలబడినవాళ్ళకు ఏడింటికల్లా వార్డులో ఉండాలన్న తొందర. తలుపు మీద దబదబ కొట్టుడు, లోపలనుంచి ఏడుపు గొంతు. ఓపికున్నవాళ్ళు కింద నుంచి బకెట్లతో నీళ్ళు మోసుకొస్తారు. ఓపిక లేనివాళ్ళు నీళ్ళే తాగరు.

మర్నాడే ప్లంబరు ఆదామును పిలిపించింది. ఆదాము నెమ్మదస్తుడు, పని తెలిసినవాడు. గోడకున్న చిన్న కుళాయిలన్నీ, యాంగిల్ కాకులంటారు వాటిని, తిప్పి చూశాడు. అన్నీ పూర్తిగా తెరిచే ఉన్నాయి. డాబా మీదకెక్కి నీళ్ళ ట్యాంకు చూసి వచ్చి, ఈ ట్యాంకు సరిగ్గా ఈ బాత్రూముల నెత్తిమీదే ఉందనీ, అంత దగ్గరగా ఉంటే నీళ్ళకు ఫోర్సు రాదనీ, కింది అంతస్తుకి ఎత్తు కలిసొచ్చింది కాబట్టి అక్కడ బాగానే వస్తున్నాయనీ చెప్పాడు. ఇనప స్టాండు కట్టించి ట్యాంకుని పైకి ఎత్తించాలన్నాడు. అతను చెప్పినదాంట్లో తప్పేమీ లేదు.

ఆ సంగతి తీసుకుని ఫ్లోరెన్స్ కమిటీ సెక్రటరీ ప్రకాశరావు ఇంటికి వెళ్ళింది. ప్రకాశరావు హెడ్మాస్టరుగా రిటైరైన మనిషి. హాస్టలు కోసం ఊరూరూ తిరిగి చందాలు పోగుచేసిన మనిషి కూడా. లక్ష్మీదుర్గ సంగతి విని ఆయన కదిలిపోయాడు. అయితే స్టాండు సంగతి ఎత్తగానే తల అడ్డంగా ఊపాడు. సముద్రపు గాలి తగిలే ఊళ్ళో అంత బరువును అంత ఎత్తున నిలబెడితే, తుఫాను వచ్చిననాడు అది పిల్లల నెత్తిన పడుతుందని ఆయన భయం. ఆయన ఆలోచన వేరే ఉంది. పై అంతస్తు టాయిలెట్లన్నీ పగలగొట్టించి, మామూలు ఇండియన్ టాయిలెట్లు, పంపులు, బకెట్లు పెట్టించేద్దాం అన్నాడు. ఆ పని అయ్యేదాకా మేడమీద పిల్లలు బయట గదులు చూసుకోవాలని కూడా అన్నాడు.

బయట గదుల్లో ఉండమంటే పల్లెటూళ్ళ తల్లిదండ్రులు ఉంచరు. మూటా ముల్లే సర్దుకుని ఇంటికి తీసుకుపోతారు. అలా వెళ్ళినవాళ్ళలో సగంమంది మళ్ళీ రారు. లక్ష్మీదుర్గ అసలు రాదు. వాళ్ళ నాన్న అప్పుడే ఆసుపత్రి వరండాలో నిలబడి, పిల్లను తీసుకెళ్ళిపోతానని ఒకసారి అనేశాడు.

"ఆదివారం దాకా ఆగండి సార్," అంది.

"ఆగితే ఏమవుతుందమ్మా?"

"తెలీదండి. నేనొకసారి చూస్తాను."

ఆయన ఆమె మొహంలోకి చూసి, సరేనన్నాడు. కాంట్రాక్టరును ఆదివారం చర్చి అయ్యాక రమ్మంటాను, అంతవరకూ ఆగుతానన్నాడు.

చూస్తానని అనేసింది గాని, ఏం చూడాలో ఫ్లోరెన్స్‌కి తెలియదు. ఫ్లష్ ట్యాంకు మూత తీసి లోపల ఏముంటుందో ఆమె జీవితంలో చూడలేదు. ఆ మధ్యాహ్నం స్టూలు వేసుకుని మొదటి ట్యాంకు మూత ఎత్తింది. మూడో సంవత్సరం చదివే ప్రియ ఆవేళ సెలవులో ఉండి, ఆంటీ స్టూలెక్కిందని తెలిసి పట్టుకోవడానికి వచ్చింది. ఈపురుపాలెంలో మగ్గాలున్న ఇంటి పిల్ల. చిన్నప్పటి నుంచీ తెగిన పోగులు వెతికి ముడివేసిన చెయ్యి, ఏ వస్తువైనా విప్పి చూడందే ఊరుకోదు.

లోపల పెద్ద వింతలేమీ లేవు. మధ్యలో ఫ్లష్ నొక్కితే లేచే గొట్టం ఉంది. పక్కన ఇంకో సన్నటి గొట్టం, దానికి తేలే బిళ్ళ. నీళ్ళు తగ్గితే ఆ తేలే బిళ్ళ కిందికి దిగుతుంది, గొట్టం తెరుచుకుని నీళ్ళు వదులుతుంది. నీళ్ళు నిండితే బిళ్ళ పైకి లేచి గొట్టాన్ని మూసేస్తుంది. ఇద్దరూ దాన్ని చేత్తో నొక్కి, వదిలి, ఆ సంగతి కనిపెట్టారు. దాన్ని ఫ్లోట్ వాల్వు అంటారని ప్రియ ఫోనులో చూసి చెప్పింది.

అప్పుడు ఫ్లోరెన్స్‌కి ఒక ఆలోచన వచ్చింది. నీళ్ళు ట్యాంకు దాకా వస్తున్నాయా, రావడమే లేదా? యాంగిల్ కాకు కట్టేసి, గోడనుంచి ట్యాంకుకి వెళ్ళే పైపు ట్యాంకు వైపు కొసన విప్పించి, పైపు మూతిని బకెట్టులో పెట్టి, మళ్ళీ కాకు తిప్పమంది. ప్రియ తిప్పింది. నీళ్ళు బకెట్టు అడుగున దడదడ కొట్టాయి. ఫోర్సు మరీ గొప్పగా లేదు, కాని ఆ పిల్లి ఊపిరికీ దీనికీ పోలికే లేదు. చూస్తుండగా బకెట్టు నిండింది.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. గోడ దాకా నీళ్ళు బాగానే వస్తున్నాయి. వాటికి అడ్డుపడుతున్నది ఏదో, అది ఆ వాల్వులోనే ఉంది. దానికి ఇనప స్టాండూ అక్కర్లేదు, గోడలు పగలగొట్టడమూ అక్కర్లేదు.

వాల్వు మూతి దగ్గర చిన్న జాలీ కనబడింది. బాపట్ల బోరు నీళ్ళు ఎలాంటివో ఊళ్ళో అందరికీ తెలుసు, గిన్నె కాచినా అడుగున తెల్లగా పేరుకుంటుంది. జాలీ మీద అదే తెలుపు సున్నం కొట్టినట్టు గట్టిగా పట్టి ఉంది. ఫ్లోరెన్స్ నిమ్మఉప్పు తెప్పించి వేడినీళ్ళలో వేసి జాలీని నానబెట్టింది. బుసబుసమని పొంగి, తెలుపంతా కరిగింది. పాత టూత్ బ్రష్షుతో రుద్ది, మళ్ళీ బిగించారు. ఈలోగా డ్యూటీలు దిగిన పిల్లలు గుమికూడారు. ప్రియ ఫ్లష్ నొక్కింది.

పిల్లి ఊపిరి కొంచెం పెద్దదైంది. అంతే. ట్యాంకు ముందుకంటే త్వరగానే నిండింది గాని, లైను కరిగేంత త్వరగా కాదు. పిల్లలు ఏమీ అనకుండా ఒక్కొక్కరూ వెళ్ళిపోయారు. ఎవరైనా ఏదైనా అని ఉంటే బాగుండుననిపించింది ఫ్లోరెన్స్‌కి.

మర్నాడు పొద్దున్నే ఆమె ఆ వాల్వు మొత్తాన్నీ ఊడదీసింది. కింద మర విప్పుతుంటే మిగిలిన నీళ్ళన్నీ చీర మీద పడ్డాయి. వాల్వుని సబ్బుతో కడిగి, పేపర్లో చుట్టి, గుడ్డసంచిలో వేసుకుని, చీర మార్చుకుని తెనాలి రైలెక్కింది. బాపట్లలో వెతికితే దొరకదని కాదు. తెనాలిలో శానిటరీ సామాన్ల కొట్లు పెద్దవి, రకరకాలుంటాయి, పోల్చి చూడొచ్చని.

రైల్లో కిటికీ పక్కన చోటు దొరికింది. పేపరు విప్పి వాల్వుని అటూ ఇటూ తిప్పి చూసింది. చూస్తూ చూస్తూ, నీళ్ళు వెళ్ళే వైపు నోట్లో పెట్టుకుని ఊదింది. బుగ్గలు పొంగాయి గాని గాలి సరిగ్గా వెళ్ళలేదు. మళ్ళీ గట్టిగా ఊదింది. ఎదురుగా పూలబుట్ట పెట్టుకుని కూర్చున్న ముసలమ్మ, అది ఏ ఊరి సన్నాయి అని అడిగింది. ఫ్లోరెన్స్‌కి నవ్వొచ్చింది. కాదమ్మా, బాత్రూము సామాను అని చెబితే ఆవిడ బుట్టను కొంచెం పక్కకు లాక్కుంది.

తెనాలి మార్కెట్టు దగ్గర ఆమె వెళ్ళిన కొట్టు చందన అనే అమ్మాయిది. ముప్పై దాటి ఉండదు. పుట్టిల్లు కొల్లిపర దగ్గర, రైతుల కుటుంబం. పెళ్ళయ్యాక ఈ కొట్టు తనే పెట్టింది. ఫ్లోరెన్స్ వాల్వు చూపించి జరిగిందంతా చెప్పింది. చందన లోపలినుంచి అదే రకం కొత్తది తెచ్చి కౌంటరు మీద పెట్టింది. ఫ్లోరెన్స్ దాన్ని తీసుకుని, ఒకసారి ఊది చూడవచ్చా అని అడిగింది. చందన నవ్వి, ఊదండి పిన్నిగారూ అంది.

కొత్తది కూడా అంతే బిగుతు. మళ్ళీ బుగ్గలే పొంగాయి.

ఫ్లోరెన్స్ అలా నిలబడిపోయింది. చందన కూడా నవ్వడం మానేసి కొత్త వాల్వు అందుకుని తనే ఊదింది. తర్వాత నిదానంగా చెప్పింది. "మీకు కావాలంటే సంచెడు అమ్మగలను పిన్నీ. కానీ పట్టుకెళ్ళి బిగించినా ఇంతే. మీకిది పనికిరాదు."

ఇదే వాల్వు అపార్టుమెంట్లవాళ్ళు కొంటే ఏ ఫిర్యాదూ రాదని ఆమె చెప్పింది. వాళ్ళకు నీళ్ళు ఎంతో ఎత్తునుంచి వస్తాయి. కొల్లిపర వైపు సొంత ఇళ్ళవాళ్ళు కొంటే మాత్రం, నీళ్ళు నెమ్మదిగా వస్తున్నాయని ఎవరో ఒకరు తిరిగి తెస్తూనే ఉంటారు. ఎందుకో తనూ ఎప్పుడూ ఆలోచించలేదు, మార్చి ఇచ్చేస్తూ వచ్చింది.

"ఫోర్సు ఎక్కువున్న చోట బాగుంటుంది, తక్కువున్న చోట బాగుండదు," అంది ఫ్లోరెన్స్ తనలో తను అనుకుంటున్నట్టు. "అయితే లోపల దారి కావాలనే ఇరుకు చేసి ఉంటారేమో అమ్మాయ్. ఇందులోకి ఒకసారి లైటు వెయ్యి."

చందన ఫోను లైటు వేసింది. పాత వాల్వు జాలీ తీసేసి ఇద్దరూ తలలు ఆనించి లోపలికి చూశారు. లోతున నీలం రంగు కనబడింది. అది వాల్వులో అతికిపోయిన భాగమనే చందన ఇన్నాళ్ళూ అనుకుంది. ఫ్లోరెన్స్ భుజం మీద చీరకు పెట్టుకున్న పిన్నీసు తీసి, దాని కొసతో ఆ నీలాన్ని కదిపింది. కదలలేదు. పిన్నీసు కొంచెం వంచి, మధ్యలో గుచ్చి, పైకి లాగింది. చిన్న చప్పుడుతో అది ఊడి వచ్చి కౌంటరు మీద పడింది.

చొక్కా గుండీ అంత ప్లాస్టిక్ బిళ్ళ. మధ్యలో సూది బెజ్జమంత కన్నం. ఇన్ని నెలలుగా మేడ మీద పిల్లలందరి నీళ్ళూ ఆ కన్నంలోంచే రావాల్సి వచ్చింది.

ఫ్లోరెన్స్ వాల్వు నోట్లో పెట్టుకుని ఊదింది. గాలి ఝుమ్మని అవతలికి వెళ్ళి, కౌంటరు మీదున్న బిల్లు కాగితాలు ఎగిరాయి.

చందన అక్కడితో ఊరుకోలేదు. నీలం బిళ్ళ తీసేస్తే నీళ్ళు ఆగకుండా పొర్లిపోతాయేమో చూడాలంది. అది మంచి మాటే. కొట్టు వెనక నమూనాకి బిగించిన ఫ్లష్ ట్యాంకు ఒకటి ఉంది, దానికి నీళ్ళు డాబా మీది డ్రమ్ము నుంచే వస్తాయి. కొత్త వాల్వులోంచి కూడా నీలం బిళ్ళ తీసి అందులో బిగించి, నీళ్ళు వదిలింది. నీళ్ళు జోరుగా పడ్డాయి. తేలే బిళ్ళ పైకి లేచింది, లేచింది, టక్కుమని గొట్టాన్ని మూసేసింది. ఒక్క చుక్క పొర్లలేదు. మళ్ళీ ఖాళీ చేసి మళ్ళీ చూశారు. అలాగే ఆగింది. ఫోర్సు విపరీతంగా ఉన్నచోట నీళ్ళు చిమ్మకుండా, చప్పుడు రాకుండా ఆ బిళ్ళ పెడతారు కాబోలు, నెత్తిమీదే డ్రమ్ము ఉన్నవాళ్ళకు దానితో పనిలేదని ఇద్దరికీ అప్పుడు తేటగా అర్థమైంది. కొల్లిపరలో తాను వాల్వులు మార్చి ఇచ్చిన ఇళ్ళన్నీ చందన అక్కడికక్కడే గుర్తు తెచ్చుకుంది.

ఆమె కొన్ని రబ్బరు వాషర్లు కాగితంలో కట్టి సంచిలో వేసి, బాగైతే ఫోను చెయ్యండి పిన్నీ అంది. బాగవుతుంది అంది ఫ్లోరెన్స్. స్టేషనుకి నడుస్తుంటే ఆమెకు ఎండ తెలియలేదు. తిరుగు రైల్లో ఎవరూ పక్కన లేని సమయం చూసి, గొంతు తగ్గించి ఒక పాట అందుకుంది. బాపట్ల వచ్చేసరికి ఆ పెట్టెలో అందరికీ వినబడుతోంది.

హాస్టల్లో ప్రియ గేటు దగ్గరే ఎదురుచూస్తోంది. ఇద్దరూ మేడ ఎక్కారు. వాల్వు బిగించారు, రబ్బరు వాషరు మార్చారు, పైపు తగిలించారు, కాకు తిప్పారు. పిల్లలు వరండా అంతా నిండిపోయారు. ఈసారి ఫ్లష్ నొక్కమని ప్రియ ఫ్లోరెన్స్‌నే అంది.

ఫ్లోరెన్స్ నొక్కింది. ట్యాంకు భళ్ళున ఖాళీ అయింది. వెంటనే లోపల నీళ్ళు గలగలమని పడటం మొదలైంది. ఫ్లోరెన్స్ పెదాలు కదిలాయి. ప్రభువు ప్రార్థన సగానికి రాకముందే టక్కుమని చప్పుడు వినిపించి నీళ్ళు ఆగాయి. ఆమె మళ్ళీ నొక్కింది. నిండు ట్యాంకు నిండుగా దిగింది.

వెనకనుంచి ఒక పిల్ల చప్పట్లు కొట్టింది. తర్వాత అందరూ కొట్టారు. ఒకతె ఏడ్చేసింది కూడా. ఫ్లోరెన్స్ ఏడవలేదు, ఇంకా ఐదున్నాయి, స్టూలు ఇటు తీసుకురండి అంది.

రెండోది ఆమే చేసింది, అందరికీ కనబడేలా, ఏది ఎందుకు విప్పుతున్నదో చెబుతూ. మూడోది ప్రియ చేసింది. మిగిలినవి పిల్లలు తామే చేస్తామన్నారు. ఒకళ్ళు జాలీలు నిమ్మఉప్పు నీళ్ళలో నానబెట్టారు, ఒకళ్ళు మరలు విప్పారు, ఒకళ్ళు ఫోను లైట్లు పట్టుకున్నారు. ఒక వాల్వు తిరగేసి బిగించి, మళ్ళీ విప్పారు. ఇంకోచోట వాషరు పెట్టడం మరిచిపోతే నీళ్ళు చిమ్మి ముగ్గురు తడిసిపోయారు. ఎవరికీ కోపం రాలేదు. ప్రార్థన గంట కొట్టే వేళకు పై అంతస్తులో అన్ని ట్యాంకులూ గలగలమంటున్నాయి. ఆ సాయంత్రం పాట ఫ్లోరెన్స్ ఎత్తుకోనక్కర్లేకపోయింది. పిల్లలే ఎత్తుకున్నారు.

చందనకు ఫోను చేసి చెబితే, అవతల ఆమె కొట్లో ఉన్నవాళ్ళందరికీ వినబడేలా చెప్పేసింది. ఆదాము సంగతి తెలిసి స్వయంగా వచ్చి చూసి వెళ్ళాడు. బిళ్ళని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు తిప్పి, ఊళ్ళో ఇంకో రెండు మూడు ఇళ్ళలో ఇదే బాధ ఉంది, ఇవాళే వెళ్ళి చూస్తానని, ఫ్లోరెన్స్‌కి దణ్ణం పెట్టి సైకిలెక్కాడు.

ఆదివారం చర్చి అయ్యాక ప్రకాశరావు కాంట్రాక్టరుని వెంటబెట్టుకుని వచ్చాడు. ఫ్లోరెన్స్ ఏమీ చెప్పలేదు. పైకి రండి సార్ అని తీసుకెళ్ళి, మీరే నొక్కండి అంది. ఆయన నొక్కాడు. ట్యాంకు దగ్గర చెవి పెట్టి విన్నాడు. ఆగాక మళ్ళీ నొక్కాడు. పక్క దానిలోకి వెళ్ళి అదీ నొక్కాడు. అలా చివరిదాకా ఒక్కొక్కటే నొక్కుకుంటూ వెళ్ళాడు, బయట నిలబడిన పిల్లలు నవ్వు ఆపుకోలేక నోటికి చున్నీలు అడ్డం పెట్టుకున్నారు.

ఆయన బయటికి వచ్చాక ఫ్లోరెన్స్ నీలం బిళ్ళలు ఆయన చేతిలో పోసి, విషయం చెప్పింది. ఆయన కళ్ళజోడు సవరించుకుని వాటిని చూశాడు.

"వీటికోసమా నేను గోడలు పగలగొట్టమన్నది," అన్నాడు. తర్వాత కాంట్రాక్టరు వైపు తిరిగి, శ్రమపెట్టాను బాబూ, ఇక్కడ పనేమీ లేదు అని పంపించేశాడు. పిల్లలెవరూ హాస్టలు వదిలి వెళ్ళనక్కర్లేదని అందరికీ వినబడేలా చెప్పాడు.

ఆయన మెట్లు దిగబోతుంటే ఫ్లోరెన్స్ ఆపింది. "ఇంకో మాటండి. ప్రతి బాత్రూములో ఒక పంపు, ఒక బకెట్టు కావాలి. పిల్లలు తాగడానికి మేడ మీద మంచినీళ్ళ ఫిల్టరు కావాలి. ఇవి అడుగుతున్నాను అనుకోకండి సార్. కావాలి."

ప్రకాశరావు ఆ గొంతు ప్రార్థనల్లో విన్నాడు గాని, తనమీద ఎప్పుడూ వినలేదు. వచ్చే వారానికల్లా పెట్టిస్తానమ్మా అన్నాడు. పెట్టించాడు.

ఆ సోమవారం పొద్దున ఫ్లోరెన్స్ తన గదిలో కూర్చోలేక మేడ మెట్ల మీద నిలబడి చూసింది. లైను ఉంది. కానీ అది నడుస్తోంది. తలుపు తెరుచుకోవడం, ఒకరు రావడం, ఇంకొకరు వెళ్ళడం. తలుపులు బాదేవాళ్ళు లేరు. తెల్ల యూనిఫారాలు వేసుకుని, జడలు మడిచి కట్టుకుని, పిల్లలు టిఫిన్ తిని కూడా ఇంకా వేళ మిగిలి గేటు దగ్గర కబుర్లు చెప్పుకుంటూ నిలబడ్డారు.

ఆసుపత్రి నుంచి ఇంటికి తీసుకెళ్ళిన లక్ష్మీదుర్గను వాళ్ళ నాన్న ఆ వారంలోనే తీసుకొచ్చాడు. ఆయన హాస్టలు మెట్ల దగ్గరే తటపటాయించాడు. ఫ్లోరెన్స్ ఆయనను లోపలికి తీసుకెళ్ళి కాఫీ ఇచ్చి, జరిగింది చెప్పింది. ఆయన సంచిలోంచి కొత్త బియ్యం మూట తీసి వంటగది ముందు పెట్టి, పిల్ల నెత్తిన చెయ్యివేసి, చదువు పూర్తయ్యేదాకా మళ్ళీ ఇంటి ఊసెత్తకని చెప్పి వెళ్ళాడు. తప్పిపోయిన ప్రాక్టికల్సు ఆ నెలలోనే మళ్ళీ పెట్టారు. లక్ష్మీదుర్గ పాసైంది, తరగతిలో రెండో స్థానంలో.

వేసవి సెలవులు దగ్గరపడ్డాక రేపల్లె నుంచి దానమ్మ అనే ఆవిడ ఫోను చేసింది. అక్కడ ఆడపిల్లల బడి హాస్టలు చూసుకునే మనిషి. మీ బాపట్ల కథ మా దాకా వచ్చింది, మా ట్యాంకులూ అలాగే ఏడుస్తున్నాయి, ఒకసారి రాగలరా అని అడిగింది. ఫ్లోరెన్స్ ఎలాగూ సొంత ఊరు వెళ్ళాలనుకుంటోంది. లక్ష్మీదుర్గ తనూ వస్తానంది. తెనాలిలో రైలు మారి ఇద్దరూ రేపల్లెలో దిగారు.

దానమ్మ వాళ్ళిద్దరికీ మేడ మీద బాత్రూములు చూపించింది. లక్ష్మీదుర్గ లోపలికి వెళ్ళి వాల్వు మూతి చూసి, అవే బిళ్ళలంది. చుట్టూ చేరిన బడిపిల్లల్ని చూసి, ఎవరికి స్టూలెక్కడం వచ్చు అని అడిగింది. అందరూ చేతులెత్తారు.

ఫ్లోరెన్స్ వెనక్కి తిరిగింది. దానమ్మ ఆశ్చర్యంగా, మీరుండి చెప్పరా అంది.

"వాళ్ళు చేసుకుంటారక్కా. మనం టీ తాగుదాం పదండి."

కింద వరండాలో కూర్చుని ఇద్దరూ టీ తాగుతూ ఊళ్ళో సంగతులు మాట్లాడుకున్నారు. ఎవరి పిల్ల పెళ్ళయింది, ఎవరు కొత్త ఇల్లు కట్టారు. మేడ మీదనుంచి స్టూళ్ళు జరిపే చప్పుడు, లక్ష్మీదుర్గ ఏదో వివరించే గొంతు వినబడుతున్నాయి. కాసేపటికి ఒక్కసారిగా కేరింతలు వినిపించాయి. తర్వాత ఫ్లష్ చప్పుడు. మళ్ళీ ఫ్లష్. పక్కదీ, దాని పక్కదీ. పిల్లలు వంతులేసుకుని నొక్కుతున్నారు.

దానమ్మ పైకి చూస్తూ, డాబా మీద ట్యాంకు మొత్తం ఖాళీ చేసేస్తారు వీళ్ళు అని లేవబోయింది.

"చెయ్యనివ్వండక్కా," అంది ఫ్లోరెన్స్ గ్లాసు కింద పెట్టి. "మోటారు మీట ఎక్కడుందో చెప్పండి, నేను వేసొస్తాను."